పాత హెరాల్డ్ కొని బాగుచేసి అమ్మితే మిగులుతుందా?

అనంతపురంలో షెడ్డులో పడున్న 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు గురించి అడిగారు. బేరానికి ముందు కారు కిందికి దూరండి. దీని బాడీని ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీద బోల్టులతో బిగించారు. డోర్ల కింద ఛాసిస్ కొసలను స్క్రూడ్రైవర్‌తో పొడవండి. లోపలికి దిగిందా, తుప్పు తినేసినట్టే. మన సీమలో తేమ తక్కువ, అదొక్కటే మేలు. ఎండకు రబ్బరు బీడింగులు మాత్రం అప్పడాల్లా విరిగిపోతాయి.

టింకరింగ్, పెయింటింగ్ ఖర్చు ఇంజిన్ పనిని మించిపోవచ్చు. ఆర్‌సీలోని నంబర్లు బండితో సరిపోకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000 రూపాయలు. ఇంజిన్ గానీ బాడీ గానీ మార్చేస్తే అది రాదు. వచ్చినా రోజూ తిప్పుకోవడానికి లేదు. లాభమే లెక్కయితే నేను దిగను.