ట్యాంకు నింపినప్పుడల్లా కారులో పెట్రోలు వాసన

ప్రశ్న: మా పెట్రోలు కారు పాతది. కొంతకాలంగా ట్యాంకు నిండా పోయించిన రోజున లోపల, ముఖ్యంగా వెనక సీటు దగ్గర, పెట్రోలు వాసన వస్తోంది. ట్యాంకు సగానికి వచ్చేసరికి తగ్గిపోతోంది. కారు కింద మరకలేమీ లేవు. కారణం ఏమిటి? ఇలా నడపడం ప్రమాదమా?

జవాబు: వాసన ఎప్పుడు, ఎక్కడ వస్తోందో మీరు గమనించి రాయడం వల్ల సగం పని తేలికైంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం ట్యాంకు పైభాగంలో ఉండే అవకాశం ఎక్కువ. చాలా కార్లలో వెనక సీటు కింద, ట్యాంకు పైన ఫ్యూయల్ పంపు ఉంటుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు సీలు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లు పడితే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ పెట్రోలు ఎగసి ఆ సందులోంచి చెమర్చుతుంది. అది ట్యాంకు మీదే ఆవిరైపోతుంది కనుక నేల మీద మరక పడదు. మెకానిక్ సీటు ఎత్తి మూత తీస్తే, పంపు అంచు చుట్టూ దుమ్ము తడిసి నల్లగా పేరుకుని కనిపించవచ్చు.

అక్కడ పొడిగా ఉంటే చార్‌కోల్ క్యానిస్టర్‌ను చూపించండి. ట్యాంకులో పుట్టే ఆవిరిని ఇందులోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు ఆ ఆవిరిని ఇంజనులోకి పంపుతుంది, అక్కడ అది మండిపోతుంది. బంకులో పంపు తనంతట తాను ఆగిన తరువాత కూడా పైదాకా పోయిస్తే, పెట్రోలే ఆ డబ్బాలోకి చేరి బొగ్గును పాడుచేయగలదు. దయచేసి ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి. ట్యాంకు మూత సీలు, పెట్రోలు పోసే గొట్టం కూడా చూడవలసినవే.

ఏసీ లేదా బ్లోయరు వేసినప్పుడే వాసన వస్తే మాత్రం ఇంజను వైపు అనుమానించాలి. ముందు అద్దం అడుగు నుంచి బ్లోయరు పీల్చే గాలితో ఇంజను గదిలోని ఆవిరి లోపలికి వస్తుంది. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు సీలు కానీ ఇంధన గొట్టం కానీ అక్కడ కారితే, వేడెక్కిన ఎగ్జాస్టు పక్కనే ఉంటుంది కనుక అది మరింత ప్రమాదకరం.

ఇక మీ రెండో ప్రశ్నకు: అవును, ప్రమాదమే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, మూసిన షెడ్డులో నేలమట్టాన పేరుకుంటుంది, గాలిలో 1.4 శాతం చేరినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. బాగుచేయించే వరకు కారును ఆరుబయటే ఉంచండి, ట్యాంకు నింపకండి. చుక్క కారడం కనిపిస్తే ఇంజను స్టార్టు చేయకుండా టోయింగు చేయించండి. పంపు విప్పినప్పుడు పాత సీలునే తిరిగి బిగించనివ్వకుండా కొత్తది వేయించండి.