కథను నాటికగా రాస్తే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: లాయరు గారూ, 1972లో చనిపోయిన ఒక రచయిత కథను నాటికగా రాశాను. పేర్లు మార్చాను, మాటలన్నీ నెల్లూరు యాసలో పెట్టాను, ముగింపు కూడా మార్చాను. ఒంగోలులో ఉండే వాళ్ల పెద్దబ్బాయి ఫోన్లో సరేనన్నారు. పరిషత్తు పోటీల్లో ఆడి, తర్వాత పుస్తకం వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఫోన్లో సరేనన్నారని పుస్తకం అచ్చుకివ్వకండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే ఈ కథ మీద 2032 డిసెంబరు 31 దాకా ఉన్నట్టే. కథను నాటికగా మార్చడం కూడా ఆ హక్కులోదే. పేర్లూ యాసా మారిస్తే సరిపోదు. ఇతివృత్తం మాత్రం ఎవరి సొత్తూ కాదని ఆర్.జి.ఆనంద్ అనే నాటక రచయిత వేసిన కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఉదాహరణకు, అప్పులపాలై పొలం పోగొట్టుకున్న రైతు మీద ఎవరైనా రాయొచ్చు. అవే సన్నివేశాలు, అదే వరసలో, అవే మలుపులతో వస్తే చిక్కు. మీది ఆ కథేనని మీరే అంటున్నారు కాబట్టి ఈ వాదన మీకు అక్కరకు రాదు.

పోటీల విషయంలో అంత భయం లేదు. ఔత్సాహిక సమాజం టికెట్టు లేకుండా ఆడితే సెక్షన్ 52 మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టినా, వీడియో యూట్యూబులో పెట్టినా, పుస్తకం వేసినా అది వర్తించదు.

ఇక అనుమతి పత్రం. వీలునామా లేకపోతే హక్కు వారసులందరిదీ. ఆడపిల్లలతో సహా అందరూ సంతకం చేయాలి. రచయిత బతికుండగా ఏ ప్రచురణకర్తకైనా హక్కులు రాసిచ్చారేమో ముందే అడగండి. ఇచ్చి ఉంటే ఆ కాగితం చూడకుండా ముందుకు పోవద్దు. నాటికగా మార్చడం, ప్రదర్శన, అచ్చు, వీడియో దేనికది విడిగా రాయించండి. ఎంత డబ్బో, ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో కూడా ఉండాలి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. ఇంకో మెలిక: పత్రంలో వేరేగా రాసుకోకపోతే, ఏడాదిలోపు వాడని హక్కు రద్దయిపోతుంది. నాటిక ముందు ఆడి పుస్తకం తీరిగ్గా వేద్దామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ముగింపు మార్చారు కదా, రచయిత పరువు పోయేలా వక్రీకరించారని సెక్షన్ 57 కింద వారసులు దావాకు రావచ్చు, అదీ వాళ్లుండే ఒంగోలులోనే. అందుకే నాటిక ప్రతిని పత్రానికి జతచేసి పేజీ పేజీకీ సంతకాలు తీసుకోండి. పుస్తకం మీదా కరపత్రం మీదా మూలకథ పేరు, రచయిత పేరు వేయండి.

అనుమతితో రాసిన నాటికలో మీరు కొత్తగా చేర్చినదానికి కాపీరైటు మీదే. వేరే సమాజం టికెట్టు పెట్టి ఆడాలంటే మీ అనుమతీ, వారసుల అనుమతీ రెండూ కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఫారం 14తో, 500 రూపాయల రుసుముతో చేయించుకోవచ్చు.