ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజు ప్రైవేట్ వైన్, చీజ్ టూర్ దండగా? ఇంట్లో సగం మంది వైన్ ముట్టకపోయినా వెళ్లవచ్చా?

మీరు రాసిన వివరాలు ఇవీ: మే నెలలో ఫ్లోరెన్స్‌లో మూడు రోజులుంటారు. మీరు, మీవారు, అత్తగారు, మామగారు. మగవాళ్లిద్దరూ వైన్ రుచి చూస్తారు, మీరూ అత్తగారూ ముట్టరు. అత్తగారు గుడ్డు కూడా తినరు. ఒక రోజు కారు మాట్లాడుకుని పల్లెల వైపు వైన్, చీజ్ టూర్‌కి వెళ్తే అంత డబ్బు పెట్టడం దండగేమో, బస్సు టూర్ సరిపోతుందేమో అని అడిగారు.

వెళ్లండి. మీలాంటి కుటుంబానికైతే బస్సు కన్నా ప్రైవేట్ కారే మంచిది. ఒక్క షరతు: రోజును చీజ్ చుట్టూ కట్టండి, వైన్ చుట్టూ కాదు. అలా చేస్తే తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ రోజంతా సమానంగా గడుస్తుంది. నేను బొలోన్యాలో ఉంటాను. మా ఊరి నుంచి ఎవరొచ్చినా ఆ వైపు తీసుకెళ్తుంటాను. మా అమ్మానాన్నలనీ తీసుకెళ్లాను. అమ్మ పరిస్థితి అచ్చంగా మీ అత్తగారిదే కాబట్టి, ఈ జవాబులో చాలా భాగం ఆవిడ పక్కన కూర్చుని చూసినదే.

ముందు ఎటు వెళ్లాలో తేల్చుకోండి. ఫ్లోరెన్స్‌లో ఎవరిని అడిగినా మొదట కియాంతి అంటారు. దగ్గర, కొండలు అందంగా ఉంటాయి, సీసా మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉండే కియాంతి క్లాసికో వైన్ అక్కడిదే. ఆ వైన్ ప్రాంతపు సరిహద్దులను తోస్కానా (ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతం, ఇంగ్లీషులో టస్కనీ) పాలకుడు మూడవ కోసిమో 1716లోనే శాసనంతో నిర్ణయించాడు. వైన్ ఒక్కటే కావాలంటే కియాంతి చాలు. కానీ చీజ్ కూడా అన్నారు కాబట్టి ఇంకాస్త దక్షిణానికి, సియెనా జిల్లాలో ఉన్న వాల్ దోర్చా లోయకు వెళ్లమంటాను. గొర్రెపాల చీజ్ పెకొరీనోకి పేరున్న పియెంత్సా, వైన్‌కి పేరున్న మోంతెపుల్చానో అక్కడ పక్కపక్కనే, పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఫ్లోరెన్స్ నుంచి ఏ1 హైవే మీద వెళ్తే సుమారు రెండు గంటల ప్రయాణం. మేలో గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉంటాయి. జూన్ చివరికల్లా అదంతా పసుపు రంగుకి తిరిగి, కోతల తర్వాత మట్టి రంగే మిగులుతుంది. మీరు వెళ్లే నెల చాలా మంచిది.

ఆ లోయలో చీజ్ వెనక ఉన్న కథ మాత్రం తెలుసుకుని వెళ్లండి. నాకు అక్కడి కొండల కన్నా అదే ఎక్కువ ఇష్టం. తోస్కానా పల్లెల్లో వందల ఏళ్లు సగపాలు పద్ధతి నడిచింది. భూమి యజమానిది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరి సగం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రైతు కుటుంబాలు ఆ బతుకు వదిలి ఫ్యాక్టరీ ఉద్యోగాలకు పట్నాలకు వెళ్లిపోయాయి. 1964లో చట్టం కొత్త సగపాలు ఒప్పందాలను నిషేధించింది. రాతి ఇళ్లు ఖాళీ అయ్యాయి, భూముల ధరలు పడిపోయాయి. అప్పుడు సార్దీనియా దీవి నుంచి గొర్రెల కాపరులు మందలతో సహా ఓడ ఎక్కి వచ్చి ఆ బీడు భూములు తీసుకున్నారు. పియెంత్సా ప్రాంతంలో గొర్రెపాల చీజ్ అంతకు ముందు నుంచీ ఉంది. కానీ ఇవాళ అక్కడ మందలు మిగిలి ఉన్నాయంటే అందులో పెద్ద వంతు ఆ వలస కుటుంబాలదే. మేం వెళ్లే ఫారంలో పెద్దాయన కూడా చిన్నప్పుడు అలా వచ్చినవారే. మా నాన్న, ఆయన భాష తెలియకుండానే మేత గురించీ ఈతల గురించీ చేతులతో మాట్లాడుకున్నారు. నాన్న ఆ ట్రిప్‌లో అంత ఉత్సాహంగా ఇంకెక్కడా లేరు. మీ మామగారికి పశువుల పెంపకం తెలిసుంటే వైన్ సెల్లార్ కన్నా ఇక్కడే ఎక్కువసేపు ఉంటామంటారు, చూడండి.

అందుకే ఉదయం మొదటి మజిలీ చీజ్ ఫారమే పెట్టుకోండి. పాలు కాచి తోడుపెట్టే పని పొద్దున్నే జరుగుతుంది. మధ్యాహ్నం వెళ్తే కడిగేసిన గదులు, అరల్లో చీజ్ చక్రాలు మాత్రమే చూపిస్తారు. పాలను గోరువెచ్చగా చేసి, గడ్డ కట్టించే రెన్నెట్ అనే పదార్థం కలుపుతారు. గడ్డ కట్టాక తీగలున్న పరికరంతో కోస్తారు. మెత్తని, లేత చీజ్ కావాలంటే ముక్కలు హేజల్‌నట్ గింజంత, గట్టి చీజ్ కావాలంటే మొక్కజొన్న గింజంత. ముక్క ఎంత చిన్నదైతే నీరు అంత ఎక్కువగా పోతుంది, చీజ్ అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. తర్వాత అచ్చుల్లో నింపి, ఉప్పు పట్టించి, అరల మీద మాగబెడతారు. కొన్ని చక్రాలకు బూడిద పూస్తారు, కొన్నిటికి టమాటా గుజ్జు, కొన్నిటిని అక్రోట్ ఆకుల్లో చుడతారు. ఇక మిగిలిన విరుగుడు నీటిని మళ్లీ వేడి చేస్తే తెల్లగా తేలేది రికోటా. పొయ్యి మీద నుంచి తీసిన వెంటనే గిన్నెలో వేసి ఇస్తారు. అమ్మ దాని మీద తేనె వేయించుకుని తిని, అప్పుడే విరిచిన పాలకోవాలా ఉందని రెండోసారి అడిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన రికోటాలో ఆ రుచి రానే రాదు.

ఇప్పుడు మీ అత్తగారి విషయం. ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే టూర్ పేజీల్లో ఇది రాయరు. పాలను గడ్డ కట్టించే రెన్నెట్ సంప్రదాయంగా దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసేది. పార్మిజానో రెజ్జానో అనే పేరున్న ఆవుపాల చీజ్‌లో ఎప్పుడూ దూడ రెన్నెటే, నియమావళిలోనే అలా ఉంది. డీఓపీ (ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలోనే చేశారని చెప్పే) ముద్ర ఉన్న పెకొరీనో తోస్కానోలో కూడా దూడదే. పెకొరీనో రొమానోలో గొర్రెపిల్లది. మీ అత్తగారి నియమం అంతదాకా వెళ్తుందా లేదా అన్నది ఆవిడ నిర్ణయం, కానీ తెలిసి తినాలి కదా. కొన్ని ఫారాలు ఆర్టిచోక్ జాతికి చెందిన ఒక ముళ్ల మొక్క పువ్వుతో పాలను గడ్డ కట్టిస్తాయి. బుక్ చేసేటప్పుడే "కాల్యో వెజెతాలే" ఉన్న చీజ్ ఉందా అని అడగండి. అంటే మొక్కల నుంచి తీసిన రెన్నెట్. ఉందంటే అత్తగారికి విడిగా ప్లేటు పెట్టమనండి. ఈ మాట ముందురోజే చెప్పాలి, అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లకీ ఇబ్బంది, మనకీ టెన్షన్. రికోటా సంగతి కూడా అడగండి. అది అదే చీజ్ నుంచి వచ్చిన విరుగుడుతో చేసేదే కాబట్టి ఏ రెన్నెట్ వాడారో దానికీ వర్తిస్తుంది. మా అమ్మకి ఇదంతా ముందే చెప్పాం, మొక్కల రెన్నెట్ వాడిన రోజు చూసుకునే వెళ్లాం.

చీజ్ రుచి చూసేటప్పుడు లేతదాని నుంచి ముదురుదానికి వెళ్లండి. లేతది పాలవాసనతో తియ్యగా ఉంటుంది. నెలల తరబడి మాగినది ఉప్పగా, ఘాటుగా, పలుకులుగా విరుగుతుంది. మేలో అక్కడివాళ్లు లేత పెకొరీనోని పచ్చి బాకలా (ఫావా బీన్స్) గింజలతో తింటారు. కాయలు బల్ల మీద పోసి పెడతారు, వలుచుకుంటూ తినడమే. ముదురు చీజ్‌తో తేనె, పియర్ పండు. చీజ్ పియర్‌తో ఎంత బాగుంటుందో రైతుకి తెలియనివ్వకు అని ఇటలీలో ఒక సామెత ఉంది. పండించేవాడికి తెలిస్తే అమ్మడన్న ఉద్దేశం. తోస్కానా రొట్టెలో ఉప్పు వేయరు, కాబట్టి ఉప్పటి చీజ్‌తో అది సరిగ్గా కుదురుతుంది. విడిగా తింటే మాత్రం చప్పగా అనిపిస్తుంది.

ఫారం తర్వాత పియెంత్సా ఊరు. చిన్నది, చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లు తేలిగ్గా నడవగలరు. ఇక్కడ 1405లో పుట్టిన ఎనెయా సిల్వియో పిక్కొలోమిని 1458లో రెండవ పయస్ పేరుతో పోప్ అయ్యాడు. తన పల్లె కొర్సిన్యానోని శిల్పి బెర్నార్దో రొస్సెల్లీనోతో 1459 నుంచి 1462 మధ్య కొత్త ఊరుగా కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. 1996 నుంచి ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, చుట్టూ ఉన్న లోయ 2004లో చేరింది. చర్చి వెనక గోడ వెంట నడిస్తే లోయ అంతా, దూరంగా అమియాతా కొండ కనిపిస్తాయి. వీధిలో ప్రతి రెండో దుకాణం పెకొరీనో అమ్ముతుంది, కానీ కొనేది ఉదయం ఫారంలోనే కొనండి.

భోజనానికి పీచి అడగండి. చేత్తో పేనిన లావు పాస్తా, గుడ్డు లేకుండా పిండీ నీళ్లతో చేస్తారు. కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు కాబట్టి అడిగి నిర్ధారించుకోండి. "అల్ ఆల్యోనె" అన్నది ఆ ప్రాంతపు పెద్ద వెల్లుల్లి, టమాటా సాస్. మాంసం ఉండదు, మన నోటికి బాగా నచ్చుతుంది. పైన చీజ్ చల్లవద్దని ముందే చెప్పండి.

మధ్యాహ్నం మోంతెపుల్చానో. దీని వైన్ పేరు వీనో నోబిలె. కనీసం 70 శాతం సాంజొవేసె ద్రాక్ష ఉండాలి, రెండేళ్లు మాగాలి, రిజెర్వా అనే ఎక్కువ కాలం మాగించే రకమైతే మూడేళ్లు. 1980లో ఇటలీలో అత్యున్నత శ్రేణి డీఓసీజీ మొదట దక్కినవాటిలో ఇదొకటి. పక్కనే ఉన్న మోంతల్చీనో వైన్ బ్రునెల్లోకి కూడా అదే ఏడాది వచ్చింది. ఊరి కింద రాతిలో తొలిచిన పాత సెల్లార్లలో మనిషి కన్నా ఎత్తైన ఓక్ పీపాలు వరసగా ఉంటాయి. అవి చూడటానికి తాగాల్సిన పని లేదు, లోపల చల్లగా ఉంటుంది, అమ్మకి అదీ నచ్చింది. రుచి చూసేవాళ్లు గ్లాసు మొత్తం తాగక్కర్లేదు. ఉమ్మడానికి పాత్ర పెడతారు, అది మర్యాద తప్పినట్టు కాదు. పాత నోబిలెతో ముదురు పెకొరీనో, తక్కువ కాలం మాగిన రొస్సో దీ మోంతెపుల్చానోతో లేతది బాగుంటాయి. అన్నట్టు, దుకాణాల్లో కనిపించే "మోంతెపుల్చానో దాబ్రూత్సో" ఈ ఊరి వైన్ కాదు. అక్కడ మోంతెపుల్చానో అన్నది వేరే ద్రాక్ష రకం పేరు, అబ్రూత్సో ప్రాంతంలో పండుతుంది. ఊరు బాగా ఎత్తు మీద ఉంటుంది, ప్రధాన వీధి మొత్తం ఎక్కుడే. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే పై భాగానికి వీలైనంత దగ్గర దింపమని డ్రైవర్‌కి చెప్పండి.

బ్రునెల్లో పేరు విని మోంతల్చీనో కూడా కలపాలని మీవారికి అనిపించవచ్చు. నూటికి నూరు శాతం సాంజొవేసెతో చేసి, కోత తర్వాత ఐదో ఏడాది జనవరిలోగానీ మార్కెట్లోకి రాని గొప్ప వైన్ అది. అయినా ఆ రోజు వద్దు. మూడు ఊళ్లు పెడితే ఉదయం ఫారంలో గడపాల్సిన సమయం కారులో గడిచిపోతుంది. మోంతెపుల్చానోలోనే ఏదో ఒక దుకాణంలో ఒక గ్లాసు బ్రునెల్లో దొరుకుతుంది.

బస్సు టూర్ సంగతి. ఒకే రోజులో సియెనా, సాన్ జిమిన్యానో, ఒక వైనరీ చూపిస్తారు. ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి పర్వాలేదు. కానీ రికోటా పొయ్యి మీద ఉందంటే ఇంకో అరగంట ఉందామనడానికి వీల్లేదు. సొంతంగా కారు అద్దెకు తీసుకుంటే చవక కదా అని మనవాళ్లు అడుగుతుంటారు. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు, అంటే నడిపేవాళ్లు రుచి చూడటం దాదాపు మానుకోవాలి. పైగా ఊళ్ల మధ్యలో జెడ్‌టీఎల్ అనే నిషేధిత ప్రాంతాల్లోకి కారు పొరపాటున దూరినా కెమెరా పట్టేసి జరిమానా ఇంటికి పంపుతుంది. మీ ఇంట్లో నడిపేది మీవారైతే ఆయనకి ఆ రోజు ఏమీ మిగలదు.

మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్‌కి ఎన్‌సీసీ లైసెన్స్ ఉందా అని అడగండి. డ్రైవర్‌తో కారు అద్దెకిచ్చే అనుమతి అది. చెప్పిన ధరలో హైవే టోల్, పార్కింగ్, టేస్టింగ్ రుసుము కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి, తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది. చీజ్ ఫారంకి, సెల్లార్‌కి మీరే నేరుగా ఈమెయిల్ పెట్టి, కారు ఒక్కటే విడిగా మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఎక్కడ ఆగాలో కూడా మీ చేతిలో ఉంటుంది. మేం అలాగే చేస్తాం. ఆదివారం వద్దు, మే 1న అసలే వద్దు, ఆ రోజు అక్కడ సెలవు.

ఇంటికి తెచ్చుకోవడానికి ముదురు పెకొరీనో తీసుకుని "సోత్తొవూవొతొ" అనండి, గాలి తీసి ప్యాక్ చేస్తారు, మిగతా ట్రిప్ అంతా పాడవకుండా ఉంటుంది. వైన్ సీసాలు చెక్-ఇన్ బ్యాగ్‌లో బట్టల మధ్య పెట్టండి. ఇండియాలో దిగేటప్పుడు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల వరకు అనుమతిస్తారు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు.