‘జ్ఞాపకాలు’, ‘స్మృతులు’, ‘యాది’: ఏ మాట ఎక్కడ?

మీ నాన్నగారు రాసుకున్న పాత సంగతులకు ‘స్మృతులు’ అని పేరు పెట్టాలా, ‘జ్ఞాపకాలు’ అనాలా అని అడిగారు. వ్యాకరణరీత్యా రెండూ సరైనవే అయినా, నేను ‘జ్ఞాపకాలు’ వైపే మొగ్గుతాను. సంస్కృతంలో ‘జ్ఞాపకం’ అంటే తెలియజేసేది, సూచించేది అని అర్థం. తెలుగులో అది గుర్తుకు వచ్చిన సంగతికే పేరైంది. గుర్తుగా ఇచ్చే వస్తువును ‘జ్ఞాపిక’ అనడంలో ఆ మూలార్థం ఇప్పటికీ నిలిచి ఉంది. మడతల దగ్గర చిరిగిన పాత ఉత్తరం విప్పగానే ఆ చేతిరాత మనిషినే కళ్లముందు నిలబెడుతుంది కదా, అప్పుడు ఆ కాగితమూ జ్ఞాపకమే, దానివల్ల మనసులో మెదిలినదీ జ్ఞాపకమే.

‘స్మృతి’ గంభీరమైన మాట. అది ధర్మశాస్త్రాలకూ పేరు కావడమే కాక, ‘స్మృత్యంజలి’, ‘సంస్మరణ’ వంటి ప్రయోగాల వల్ల గతించినవారి తలపును స్ఫురింపజేస్తుంది కనుక, నాన్నగారు స్వయంగా చెబుతున్న కబుర్లకు అంతగా అతకదు.

పారసీ మూలం గల ‘యాది’ తెలంగాణలో ఇంటిమాట. సామల సదాశివ గారు తమ జ్ఞాపకాల పుస్తకానికి ఆ పేరే పెట్టారు. నాన్నగారి నోట ఆ మాటే పలుకుతుంటే, నిస్సంకోచంగా ‘యాది’ అనే ఉంచండి.