బట్‌ప్లేట్ కింద దొరికిన పేరు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. బెర్న్‌లో మీ ఇంటి ఓనర్ దగ్గరున్న పాత స్విస్ సైన్యపు కే31 రైఫిల్ మీద రాశావు. భుజానికి ఆనే ఇనుప పలక, అంటే బట్‌ప్లేట్‌కున్న రెండు స్క్రూలు తీయడం, కింద మడతపెట్టిన చీటీ, అందులో సైనికుడి పేరు, పుట్టిన ఏడు, దళం, ఊరు. ఆ పేజీ చాలా బాగా వచ్చింది.

తర్వాతి పేజీలో మాత్రం అతన్ని 1940లో జర్మన్ల మీద యుద్ధానికి పంపేశావు. స్విట్జర్లాండ్ ఆ యుద్ధంలో తటస్థంగా ఉంది కదా! 1939లో సైన్యాన్ని సమీకరించి, జనరల్ గీసాన్ నాయకత్వంలో సరిహద్దులు, ఆల్ప్స్ కనుమలు కాపలా కాశారు. పొలం, పెళ్లాం పిల్లల్ని వదిలి మంచులో రాని శత్రువు కోసం నిలబడిన మనిషి కథ చిన్నదా? అది రాయి.

ఇంకోటి, చీటీలో పేరున్నవాడే ఆ తుపాకీని మొదట అందుకున్నవాడు అనుకోకు. కే31లు 1933 నుంచి 1958 దాకా తయారయ్యాయి. ఒకరు తిరిగిచ్చింది బాగుచేసి ఇంకొకరికి ఇచ్చేవారు, కాబట్టి చీటీ చివరివాడిదే అయ్యుండొచ్చు. సీరియల్ నంబరును బట్టి తయారైన ఏడు తెలుస్తుంది. చీటీలోని పుట్టిన ఏడుకు ఇరవై కలుపు, సుమారుగా సైన్యంలో చేరిన ఏడు వస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే మొదటివాడని ఆశ పెట్టుకోవచ్చు. పదేళ్లు తేడా వస్తే అంతకుముందు ఇంకెవరి చేతిలోనో ఉన్నట్టే. నంబరు పక్కన ‘పి’ ముద్ర ఉందా? సర్వీసు అయ్యాక తుపాకీని సొంతానికి ఇచ్చేటప్పుడు కొట్టే ముద్ర అది.

గట్టి రుజువు కావాలంటే అతని సర్వీసు పుస్తకం చూడాలి. అక్కడ డీన్‌స్ట్‌బ్యూఖ్‌లైన్ అంటారు. చేతికిచ్చిన ఆయుధం నంబరు అందులో ఎక్కించేవారు. చాలా ఇళ్లలో ఇంకా దాచుకున్నారు. బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఎవరిదో వెతికేవాళ్లకు ఈ భాగ్యం లేదు. దాని వెనకభాగపు చెక్కకున్న ఇత్తడి బిళ్ల మీద రెజిమెంటు గుర్తు, నంబరు తప్ప పేరుండదు. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల రికార్డుల్లో సగానికి పైగా 1940లో లండన్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి.

చీటీలో ఊరి పేరుంది కదా అని ఆ సైనికుడి కుటుంబం తలుపు తట్టకు. వాళ్లకు అనవసరంగా టెన్షన్. ముందు ఉత్తరం రాయి, నువ్వెవరో, ఎందుకు అడుగుతున్నావో చెప్పు. ఒప్పుకోకపోతే కథలో పేరు, ఊరు మార్చెయ్. ఒప్పుకుంటే సర్వీసు పుస్తకంలో నంబరు రాసిన పేజీ ఫొటో తీసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య