సమ్మతి పత్రంలో ‘మేం’ అనాలా, ‘మనం’ అనాలా?

సందేహం: తిరుపతిలో ఒక వైద్య విశ్వవిద్యాలయంలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ట్రయల్‌లో (కొత్త మందును మనుషులపై పరీక్షించే అధ్యయనంలో) చేరేవాళ్లకు ఇచ్చే సమ్మతి పత్రంలో ‘5 మి.లీ. రక్తము సేకరించబడును’ అని ఉంది. చదివి వినిపిస్తే ‘ఎవరు తీస్తారమ్మా?’ అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. ‘మనం రక్తం తీస్తాం’ అని మారుద్దామని తోటివాళ్లు, ‘మేం’ అనాలని నేను. ఏది సరి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరన్నదే సరి అమ్మా. ‘మనం’లో వినేవాళ్లు కూడా ఉంటారు, ‘మేం’లో ఉండరు. ‘మనం రక్తం తీస్తాం’ అంటే తీసేవాళ్లలో రోగినీ కలిపేసినట్టే. వార్డులో నర్సమ్మ ‘మనం మాత్ర వేసుకుందామా’ అని బుజ్జగిస్తే అది ఆప్యాయత. సంతకం పెట్టే కాగితంలో అలా కుదరదు. ‘ఇబ్బంది వస్తే మనం చూసుకుందాం’ అని రాశారనుకోండి, చూసుకోవాల్సింది ఎవరు? ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం అందించాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. అక్కడ ‘మేం ఉచితంగా వైద్యం చేయిస్తాం’ అనే రాయాలి.

ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట. పత్రాలు చాలావరకు అందులోంచే వస్తాయి కాబట్టి ఈ తికమక. కన్నడంలోనూ ‘నావు’ ఒక్కటే. నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చే తమిళులకు మాత్రం ‘నామ్’, ‘నాంగళ్’ అని మనలాగే రెండున్నాయి.

ఇక ‘సేకరించబడును’. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డుతో ఎవరికీ నష్టం లేదు, కింద ఫోన్ నంబరుంటుంది. సూది గుచ్చేది ఎవరో తెలియకపోతే మాత్రం మనిషికి టెన్షన్ ఉండదా? ఆ పెద్దవాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్న. చదవలేనివాళ్లు సాక్షి ఎదుట విని వేలిముద్ర వేస్తారు. చెవికి అందని వాక్యం వాళ్లకు లేనట్టే. ‘మా నర్సు మీ చేతి నుంచి 5 మి.లీ., అంటే ఒక టీ స్పూను రక్తం తీస్తారు’ అని రాయండి. ‘ఎప్పుడైనను వైదొలగబడవచ్చును’ లాంటివీ కొన్ని పత్రాల్లో కనిపిస్తాయి. అది వింటే ఎవరో తీసేస్తారేమో అనిపిస్తుంది. మానుకునే హక్కు రోగిది కాబట్టి ‘మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల ఇక్కడ మీకందే వైద్యం ఆగదు’ అంటే సరిపోతుంది.

‘మనం’ నిజంగా అతికే చోటు ఒకటుంది. రోగికీ డాక్టరుకూ ఇద్దరికీ తెలియకుండా మందు ఇచ్చే ట్రయల్‌లో ‘మీకిచ్చేది అసలు మందో, మందు లేని మాత్రో మనకెవరికీ ముందుగా తెలియదు’ అనవచ్చు. అయినా నాకు ‘మీకూ తెలియదు, మాకూ తెలియదు’ అన్నదే నచ్చుతుంది. వినగానే ఎవరెవరికి తెలియదో తేలిపోతుంది.

ఒక్క మాట మార్చినా, ట్రయల్‌లో చేరేవాళ్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి మళ్లీ చూపించి ఆమోదం వచ్చాకే ఆ పత్రం వాడండి.