ఆ సంకేతం ఎవరిది? ఫేజ్‌లపై పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, ఆ బ్యాక్టీరియా మధ్య నడిచే రసాయన సంభాషణను ఎలా మారుస్తాయన్న అంశాన్ని పరిశోధనకు ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ప్రయోగం మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్నను మనసులో నిలుపుకోమని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. నీవు కొలుస్తున్న సంకేతాన్ని ఎవరు పంపారు? బతికున్న బ్యాక్టీరియా, ఫేజ్, పగిలిపోయిన కణాల శిథిలాలు, ఈ మూడూ ఒకే ద్రవంలో కలిసి ఉంటాయి కనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఫలితం చూడడానికి ఎంత బాగున్నా దేన్నీ రుజువు చేయదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కణసాంద్రతతో వస్తుంది. కోరమ్ సెన్సింగ్‌లో ప్రతి బ్యాక్టీరియమూ కొద్దికొద్దిగా సంకేత అణువులను బయటకు వదులుతుంది; కణాలు పెరిగేకొద్దీ ఆ అణువులు పోగుపడి, ఒక స్థాయి దాటగానే గుంపు మొత్తం ప్రవర్తన మారిపోతుంది. ఫేజ్ సోకితే కణాలు చనిపోతాయి, సాంద్రత పడిపోతుంది, దానితో కొత్తగా వచ్చే సంకేతమూ తగ్గుతుంది. ఇందులో ఫేజ్ సంభాషణలో తలదూర్చిందేమీ లేదు, మాట్లాడేవారు తగ్గారంతే. సంకేతాన్ని బతికున్న కణాల సంఖ్యతో భాగించినా సరిపోదు, ఎందుకంటే చనిపోయిన కణాలు అంతకుముందు వదిలినది ద్రవంలోనే మిగిలి ఉంటుంది. అందుచేత సంకేతం అందగానే కొలవగలిగే గుర్తును చూపే రిపోర్టర్ జన్యువును కణంలో పెట్టి, ఒక్కో కణం స్పందనను విడిగా చూడు. ఫేజ్ ప్రమేయం లేకుండా యాంత్రికంగా పగలగొట్టిన కణాల ద్రవాన్ని కూడా పక్కన పెట్టి పోల్చు.

ఈ జాగ్రత్త ఎంత దూరం తీసుకుపోతుందో 2017లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రోటెమ్ సోరెక్ బృందం ప్రచురించిన పనిలో చూడవచ్చు. ఫేజ్ దాడి గురించి బ్యాక్టీరియా ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయా అని వారు వెతికారు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాకు ఫై3టీ అనే ఫేజ్‌ను సోకించి, ఆ ద్రవంలోంచి బ్యాక్టీరియానూ ఫేజ్‌లనూ తొలగించి, మిగిలిన ద్రవాన్ని కొత్త కణాలకు చేర్చినప్పుడు ఆ కణాలు ఫేజ్ సోకినా తక్కువగా పగిలాయి. అయితే ఆ సంకేతం బ్యాక్టీరియాది కాదు, ఫేజ్‌దే. అది ఆరు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్; అది పోగుపడినప్పుడు ఎయిమ్‌ఆర్ అనే ఫేజ్ ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని నిలిపివేస్తుంది. అప్పుడు ఫేజ్ కణాన్ని పగలగొట్టడం మాని దాని జన్యుపదార్థంలో చేరి నిద్రాణంగా ఉండిపోతుంది. ఆర్బిట్రియం అని పేరుపెట్టిన ఈ వ్యవస్థ నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైనది, నీవు మొదలుపెట్టవలసినది కూడా దీనితోనే అని నా అభిప్రాయం.

అయితే స్ట్రెయిన్, అంటే ఆ బ్యాక్టీరియాలో నీవు వాడే ప్రత్యేక రకం, ఎంపికలో తొందరపడకు. ప్రయోగశాలల్లో విరివిగా వాడే బాసిల్లస్ సబ్టిలిస్ 168లో ఎస్‌పీబీటా అనే ఫేజ్ ముందే దాగి ఉంది, దానికి తన సొంత ఆర్బిట్రియం పెప్టైడ్ ఉంది. జన్యుక్రమాన్ని చదివి, దాగి ఉన్న ఫేజ్‌లను తొలగించిన స్ట్రెయిన్‌తో కూడా ప్రతి ప్రయోగాన్నీ చేయి. ఫేజ్‌లను కణాల కంటే బాగా తక్కువ సంఖ్యలో కలుపు. ఎక్కువ కలిపితే అన్ని కణాలకూ ఒకేసారి సోకి, సంకేతం పోగుపడే వ్యవధే ఉండదు.

తరువాత సంకేతం ఎవరి నుంచి ఎవరికి వెళుతోందో, ఆ దిశను గమనించు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సిల్పీ, బాస్లర్ 2019లో వివరించిన వీపీ882 ఫేజ్, విబ్రియో అనే బ్యాక్టీరియా విడుదల చేసే డీపీఓ అనే అణువును తన సొంత గ్రాహకంతో పసిగట్టి, అతిథేయి కణాలు సమృద్ధిగా ఉన్నప్పుడే వాటిని పగలగొడుతుంది. ఇది వినడం. స్యూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాకు సోకే డీఎంఎస్3 ఫేజ్ చేసేది వేరు. దాని ఏక్యూఎస్1 ప్రోటీన్ కోరమ్ సెన్సింగ్‌కు కీలకమైన లాస్‌ఆర్ అనే బ్యాక్టీరియా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఇది నోరు నొక్కడం. అదే ప్రోటీన్ బ్యాక్టీరియా పైలస్‌ల, అంటే ఉపరితలంపై ఉండే వెంట్రుకల వంటి నిర్మాణాల, చలనాన్ని కూడా ఆపుతుంది కనుక, జన్యువును పూర్తిగా తీసేస్తే రెండు ప్రభావాలూ కలిసిపోతాయి. ఒక్క పనిని మాత్రమే చెడగొట్టే ఉత్పరివర్తనాలను తయారుచేయి. ఇక బ్యాక్టీరియా తమ వంతుగా ఇచ్చే హెచ్చరికలూ ఉన్నాయి, ఫేజ్ సోకిన స్యూడోమోనాస్ కణాలు వదిలే పీక్యూఎస్ అణువు ఆరోగ్యంగా ఉన్న గుంపును పక్కకు మళ్లిస్తుంది.

మొదటి ప్రయోగానికి ఫై3టీ పెప్టైడ్‌ను కృత్రిమంగా తయారుచేయించు, క్రమం సెరీన్, అలనీన్, ఐసోల్యూసిన్, ఆర్జినిన్, గ్లైసిన్, అలనీన్. అవే అమైనో ఆమ్లాలను వరుస మార్చి చేసిన మరో పెప్టైడ్‌ను పోలికకు ఉంచు. పెప్టైడ్‌లను లోపలికి చేరవేసే ఓపీపీ వ్యవస్థ లేని స్ట్రెయిన్‌లో ఆ ప్రభావం మాయమవాలి. మాయం కాకపోతే నీ ద్రవంలో ఇంకేదో పనిచేస్తోందని గ్రహించి, ముందుకు వెళ్లకుండా దాన్ని వెతుకు. ఫలితాలు చేతికి రాగానే, కణాల లెక్కలతో సహా నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి